పగటి కునుకు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ పాప పగటి కునుకు గారికి, హనుమకొండ నుంచి ఒక తల్లి నమస్కరించి రాసుకునే అర్జీ.

మీ దయ వల్ల మేమంతా క్షేమం. మీరే ఎప్పుడు వస్తారో, ఎంతసేపు ఉంటారో, ఏ కుక్కర్ విజిల్‌కు అలిగి లేచిపోతారో తెలియక కాస్త టెన్షన్‌గా ఉంది. కలెక్టర్ గారు వస్తున్నా ముందురోజు కబురందుతుంది. మీకు ఆ అలవాటు లేదు.

మీరు మా ఇంట్లో అడుగుపెట్టకముందు నాకు స్నేహితులు ఉండేవాళ్ళు. నిజమే చెబుతున్నా. సాయంత్రం ఒక్క ఫోన్ కొడితే భద్రకాళి బండ్ మీద కలిసేవాళ్ళం. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిందని తెలియగానే పాలంపేటకు బండ్లు తీసిన బ్యాచ్ మాది. ఇప్పుడు ఊళ్ళోనే ఉన్న వేయి స్తంభాల గుడికి పోవాలన్నా మీ అనుమతి కావాలి. 1163 నుంచి అక్కడే ఉంది కదా, వచ్చే నెల చూద్దాంలే అని సర్దిచెప్పుకుంటున్నా.

ఒకటి రెండేళ్ళ పిల్లలు రోజుకు 11 నుంచి 14 గంటలు నిద్రపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పగటి కునుకులూ ఆ లెక్కలోనివే. సంతోషం. కానీ మీరు సరిగ్గా నేను పట్టుచీర కట్టుకుని, ఆటో గుమ్మం ముందు ఆగాకే ఎందుకు వస్తారో ఆ సంస్థ చెప్పలేదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర కూడా అంతే. పాట అందుకుందామనే లోపే నా భుజమెక్కారు. అందరూ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే నేను ఒక మూల నిలబడి ఊగాను.

పాప పడుకుంటే ఫోన్ మాట్లాడొద్దు, లేస్తుంది. లేచి ఉంటే మాట్లాడొద్దు, గుంజుకుంటుంది. ఇదీ మీ చట్టం. దాంతో మొదట ఫోన్లు తగ్గాయి, తర్వాత పిలుపులు తగ్గాయి. ‘ఎందుకులే పాపం, చిన్నపిల్ల ఉంది’ అని వాళ్ళే నా తరఫున రానని చెప్పేసుకుంటున్నారు. వాళ్ళు లక్నవరం చెరువుకు పోయొచ్చిన సంగతి నాకు ఫొటోల్లో తెలిసింది. కొట్లాడి పోయినవాళ్ళనైతే బతిమాలుకోవచ్చు. జాలిపడి పోయినవాళ్ళను ఏమని పిలవను?

ఈ చట్టం మా ఆయనకు మాత్రం వర్తించదు. ఆదివారం దావత్ ఆదివారమే. పాప పడుకుంటే ‘పడుకుంది కదా, పోయొస్తా.’ లేచి ఉంటే ‘ఆడుకుంటుంది కదా, పోయొస్తా.’ మీ దగ్గర ఈ మినహాయింపు ఎలా సంపాదించాడో దయచేసి తెలపగలరు.

కొత్తవాళ్ళు దొరకలేదని అనను. 6, 10, 14 వారాల టీకాలకు అదే వరసలో కూర్చున్న తల్లులు కొందరున్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఒకామె చిన్ను వాళ్ళమ్మ, ఇంకొకామె బన్నీ వాళ్ళమ్మ. నా పేరూ వాళ్ళకు అక్కర్లేదు. రాగిజావ దగ్గర మొదలై అత్తగారి దగ్గర తేలతాయి మా మాటలు. ఈ మధ్య నేను కడుపునిండా నవ్వుతున్నది వీళ్ళ దగ్గరే. అయినా, నేను డిగ్రీలో ఎవరి నోట్సు చూసి రాశానో వీళ్ళకేం తెలుసు?

అసలు అర్జీ ఇదీ. ఆ నోట్సు సంగతి తెలిసిన మనిషి వచ్చే ఆదివారం మంచిర్యాలకు పోతూ కాజీపేటలో రైలు దిగుతోంది. మళ్ళీ సాయంత్రం బండికి ఎక్కేస్తుంది. ఇంటికే రమ్మన్నాను, సకినాలు చేసి పెట్టాను. ఆమె వచ్చాక మీరూ వచ్చి, ఆమె పోయేదాకా కదలకుండా ఉండాలని మనవి. ఆమె నవ్వితే పక్కింటికి వినిపిస్తుంది. కాలేజీ నుంచీ అంతే, మీరే సర్దుకోవాలి.

ఇట్లు,
మీ పాప వాళ్ళమ్మ

తా.క.: మా ఆయన ఎత్తుకున్నప్పుడు కూడా మీరు రావచ్చు. ఆయన దగ్గరికి మీరు రానే రారని మా ఇంట్లో గట్టి ప్రచారం జరుగుతోంది. అది మీ మాటేనా?