ఫ్రెంచ్ పాట గారికి, పరీక్ష రాసొచ్చిన శిష్యుడు

ఫ్రెంచ్ పాట గారూ,

'మీరు' అంటున్నా, గమనించారా? ఆ ఒక్క ముక్క నేర్పలేదనే ఈ ఉత్తరం.

2023 నుంచి కెనడా వాళ్లు ఫ్రెంచ్ వచ్చినోళ్లకి విడిగా పీఆర్ డ్రాలు తీస్తున్నారు, నాలుగు స్కిల్స్‌లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్ ఎంతొచ్చో కొలిచే వాళ్ల స్కేలు) 7 వస్తే చాలు అనగానే మా రూమ్‌లో నలుగురం ఫ్రెంచ్ మీద పడ్డాం. ముగ్గురు కోచింగ్‌కి డబ్బులు కట్టారు, నేను తెలివైనోణ్ణి కదా, యూట్యూబ్‌లో ఎవడో "పాటలు విను బ్రో, గ్రామర్ దానంతటదే వచ్చేస్తది" అంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా. మన సినిమా పాటలు విని తెలుగు నేర్చుకున్నోడు కిరాణా షాపుకెళ్లి "ఓ చెలియా, అరకిలో కందిపప్పు" అంటే ఎట్లుంటదో అప్పుడు తట్టలేదు.

అబద్ధమెందుకు, కొంత నేర్పారు. ఎడిత్ పియాఫ్ గారు 1960లో పాడిన 'నో, జ నె రెగ్రెత్ రియాఁ' పుణ్యమా అని, క్రియకి ముందు నె, వెనక రియాఁ, రెండు వైపులా కాపలా పెడితేగానీ 'ఏమీ లేదు' అవ్వదని జన్మలో మర్చిపోను. తీరా చూస్తే మామూలు మాటల్లో ఆ ముందున్న నె ని జనం హాయిగా మింగేస్తారు, నేనొక్కణ్ణే పియాఫ్ గారి వారసుడిలా ఒక్కోటీ నొక్కి పలుకుతున్నా.

మింగడం సంగతొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. స్పెల్లింగ్ చివరుండే 'ఈ' మాటలో వినపడదు, మీరేమో ట్యూన్‌కి సరిపోలేదని దాన్ని కూడా లాగుతారు. 'ఫ్రేర్ జాక్' అని చిన్నపిల్లల పాటుంది కదా, ఆ పేరు మాటలో రెండే ముక్కలు, మీ దగ్గర ఫ్రే-ర-జా-క, నాలుగు. నేనట్లాగే మాట్లాడుతుంటే ఆన్‌లైన్ ట్యూటర్ ఓపిగ్గా విని, మాట్లాడుతున్నారా పాడుతున్నారా అనడిగింది.

స్ట్రొమాయ్ 2013 పాట 'పాపాఊతే' కోసం గంటసేపు డిక్షనరీ తిరగేశా. అది మాటే కాదు, 'నాన్నా ఎక్కడున్నావ్' అన్నదాన్ని ముద్ద చేసి వినపడినట్టు రాసేశాడు (పదో క్లాసులో సంధులకే ఏడ్చినోణ్ణి నేను). పైగా ఆయనా, నేను వినే ఇంకో గాయకుడు జాక్ బ్రెల్ గారూ ఇద్దరూ బెల్జియం వాళ్లు. అక్కడ తొంభైకి 'నొనాంత్' అని ఒక్క మాటుంది, ఫ్రాన్స్‌లోనేమో 'నాలుగిరవైల పది' అనాలి. నా ప్లేలిస్టులో ప్రేమికులెవరూ తొంభై దాకా లెక్కపెట్టలేదు, నాకేం తెలుసు?

బ్రెల్ గారిది 1959 నాటి 'నె మె కిత్ పా', నన్ను వదిలిపోకు అని. 'నన్ను' అనే మె క్రియకి ముందొచ్చింది, సరే రాసుకున్నా. వద్దు అనకుండా చెయ్యమని చెప్పేటప్పుడు ఆ మె కాస్తా 'మువా' అయిపోయి క్రియ వెనక్కెళ్తుందని ఎవరూ చెప్పలేదు, నేను విన్నోళ్లంతా వద్దు వద్దు అని బతిమాలేవాళ్లే.

ఇక పరీక్ష. స్పీకింగ్‌లో మొదట ఒక యాడ్ చూసి ఫోన్ చేసినట్టు వివరాలడగాలి, ముక్కూమొహం తెలియని మనిషి కాబట్టి 'వూ', అంటే మీరు, అనాలి. రెండోదాంట్లో ఫ్రెండ్‌ని ఒప్పించాలి, అక్కడ 'త్యు', అంటే నువ్వు, అది ఇరగదీశా, బతిమాలడం మన సబ్జెక్టే. మొదటిదాంట్లోనే నాకు జిమ్ యాడ్ తగిలింది. ఫీజు వివరాలు ఇవ్వండి అంటే 'డొనే-మువా' అనాలి, నేను 'మె డొనే' అన్నా. ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్ ఆవిడ కనుబొమ్మలు లేచాయి. వూ తో ఇంకో వాక్యం కోసం బుర్రంతా వెతికితే దొరికింది ఒకే పాట, ఆ ఫ్రేర్ జాకే, ప్రార్థన గంట కొట్టకుండా పడుకున్న సన్యాసి కదా, అందుకే మర్యాదగా అడుగుతారు.

"దొర్మే-వూ?" అన్నా. మీరు నిద్రపోతున్నారా?

ఆవిడ పెన్ను కింద పెట్టి, లేదండీ, వింటున్నాను అంది. వూ అనే అంది.

ఇట్లు,
నిన్ననే కోచింగ్‌లో ఫీజు కట్టినవాడు