మూడున్నర రూపాయల వడ్డీ అంటే భయం లేదా?

మా ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే ఇంట్లో పెద్ద పంచాయితీ. మూడు రూపాయలైతే వాడి పని అయిపోయిందనే అంటారు. అదే మాల్‌లో టై కట్టుకున్న కుర్రాడు ట్రాలీ బ్యాగ్ చూపిస్తే, నూటికి నెలకు మూడున్నర రూపాయలు పడే క్రెడిట్ కార్డుకి నవ్వుతూ సంతకం పెట్టేస్తాం.

అలాగని క్రెడిట్ కార్డు వద్దనేవాళ్ల బ్యాచ్ కాదు నేను. నేను రోజూ వాడేది క్రెడిట్ కార్డే, నా డెబిట్ కార్డు ఉండేది బీరువాలో. ఏటీఎంకి వెళ్లాలంటేనే బయటికి తీస్తాను. దానికి కారణం 2019లో ఒక రాత్రి.

జీతం పడిన మర్నాడు, తెల్లవారుజామున వరసగా మూడు మెసేజ్‌లు. 38 వేలు పోయాయి. డెబిట్ కార్డు చూస్తే నా పర్సులోనే ఉంది. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి బ్లాక్ చేయించాను. తప్పు మనది కానప్పుడు, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు, పది పనిదినాల్లో డబ్బు ఖాతాలో వేయాలి అని ఆర్‌బీఐ 2017లోనే రూలు పెట్టింది. నా డబ్బు వచ్చింది కూడా. కానీ ఈలోగా 5వ తేదీన బండి ఈఎంఐ బౌన్స్ అయింది, పాప స్కూల్ ఫీజుకి మా బావగారిని చేబదులు అడగాల్సి వచ్చింది. బౌన్స్ చార్జీలు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

క్రెడిట్ కార్డుకీ అదే రూలు. తేడా ఏంటంటే, గొడవ తేలేదాకా ఇరుక్కునేది బ్యాంకు డబ్బు. మన జీతం మన ఖాతాలోనే ఉంటుంది. నాకు ఇది చాలు. రివార్డ్ పాయింట్లూ, ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో ఫ్రీ ఇడ్లీ మీద నాకు పెద్ద మోజు లేదు. పాయింట్ల కోసం అవసరం లేని మిక్సీ కొన్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

ఇక అసలు విషయం, మినిమమ్ డ్యూ. మా పిన్ని కొడుక్కి 60 వేల బిల్లు వచ్చింది. కింద 'కనీసం 3,000 కట్టండి' అని ఉంటే, హమ్మయ్య అనుకుని అంతే కట్టాడు. మిగిలిన 57 వేల మీద మూడున్నర శాతం అంటే 1,995. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 359. అంటే కట్టింది మూడు వేలు, అప్పు తగ్గింది 650 కూడా లేదు. పైగా ఒక్కసారి బాకీ మిగిలిందా, కొన్న రోజు నుంచి బిల్లు కట్టేదాకా యాభై రోజుల వరకూ ఉండే వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఆ తర్వాత కొన్న పాల ప్యాకెట్ మీదా కొన్న రోజు నుంచే వడ్డీ. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి.

నా లెక్కలో అప్పు అవసరం లేనివాడికే క్రెడిట్ కార్డు పనికొస్తుంది. 25వ తేదీకి జీతం అయిపోయి కార్డు తీసేవాళ్లు దయచేసి డెబిట్ కార్డుతోనే ఉండండి. ఖాతాలో లేకపోతే అది గీకినా పనిచేయదు, అదే దాని గొప్పతనం. ఇప్పుడు రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి, స్కాన్ చేసి టిఫిన్ కూడా అప్పు మీద తినేస్తున్నారు. నాకైతే ఇది అస్సలు నచ్చలేదు. నేను మాత్రం మొత్తం బిల్లుకి ఆటో డెబిట్ పెట్టుకున్నాను, మినిమమ్‌కి కాదు. ఫారంలో రెండు గడులూ పక్కపక్కనే ఉంటాయి, చూసి టిక్ పెట్టండి.

ఆ పిన్ని కొడుకే, మా తమ్ముడు, చివరికి పర్సనల్ లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు మా నాన్న అడిగాడు, "ఎంత వడ్డీకి తెచ్చావురా?" అని. "రూపాయిన్నర లోపే పెదనాన్నా" అన్నాడు. కార్డు వడ్డీ ఎంతో మాత్రం ఇద్దరం చెప్పలేదు.