చలిమిడికి జరిగిన అవమానం

కిందటేడు రాజమండ్రిలో మా మేనకోడలి సీమంతంలో చలిమిడికి తీరని అవమానం జరిగింది. ఏడో నెల. పుట్టింటివాళ్లు తెచ్చిన చలిమిడి, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ పిల్ల చలిమిడి చిటికెడు నోట్లో వేసుకుని, "చాలు అత్తయ్య గారూ, నాకు షుగర్ వచ్చింది" అంది. సన్నాయి ఆగలేదు గానీ ఆగినంత పనైంది.

విచారణ అక్కడికక్కడే మొదలైంది. "మా వంశంలో లేదే!" అన్నారు అత్తగారు. ఆ క్షణానికి మామగారు భోజనానికి ముందు మాత్ర కోసం జేబు తడుముకుంటున్నారు. అది వేరట, వయసు వల్ల వచ్చిందట. పిల్ల తల్లికి, అంటే మా అక్కకీ ఉంది. అది టెన్షన్ వల్ల. నాకూ ఉంది, అది ఉద్యోగం వల్ల. పందిట్లో సగం మందికి షుగర్ ఉందని తేలింది గానీ వంశానికి మాత్రం లేదు.

ఆ సగం మందిమీ క్రమశిక్షణ గలవాళ్లం. "నాకొద్దమ్మా, షుగరు" అంటూ మా విస్తళ్లలో కాజాలు తీసి కడుపుతో ఉన్న పిల్ల విస్తట్లో వేశాం. ఇద్దరికి తినాలి కదా. ఆ రెండో మనిషి అప్పటికి కిలో బరువుంటుందేమో. కిలో మనిషి వాటాకి ఆరు కాజాలు.

అసలు నేరం ఆ పరీక్షదే అని మా పెద్దమ్మ తేల్చింది. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించడం, రెండు గంటల తర్వాత రక్తం తీయడం, 140 వచ్చినా, దాటినా షుగర్ అనడం! "తాగించిందే వాళ్లు, తాగితే రాదా మరి?" ఈ ప్రశ్నకి జవాబు లేదనే ధైర్యంతో నేనే వెళ్లి డాక్టరమ్మని అడిగాను. కడుపులో మాయ వదిలే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయట. చాలామంది ఒళ్లు ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసుకుని సర్దుకుంటుంది, కొందరిది సర్దుకోలేదు. అది తెలుసుకోడానికే గర్భిణులందరికీ మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, అప్పుడు బాగానే ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చెయ్యాలని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పిందట. పరగడుపున రావాల్సిన పని కూడా లేదట. ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్పాను. "చూశావా, అంతా మాయేనని డాక్టరే ఒప్పుకుంది" అంది.

తర్వాతి వాదన బెల్లానిది. చలిమిడిలో ఉన్నది బెల్లం, షుగర్ కాదు. చట్టపరంగా ఇది గట్టి పాయింటే. కాకపోతే రక్తంలోకి దిగాక బెల్లం తన కులగోత్రాలు చెప్పుకోదు. బియ్యప్పిండి సంగతి అసలు ఎవరూ ఎత్తలేదు.

ఇక బిడ్డ బరువు. మావాళ్లకి నాలుగు కిలోలంటే ఫస్ట్ క్లాసులో పాసైనట్టు. తల్లి రక్తంలో ఎక్కువైన గ్లూకోజు బిడ్డకి చేరుతుంది, దానికి తగ్గట్టు బిడ్డ ఒళ్లు ఇన్సులిన్ ఎక్కువ చేసుకుని కొవ్వు పడుతుంది, కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోసిన తర్వాత గ్లూకోజు సరఫరా ఆగిపోయినా ఆ ఇన్సులిన్ ఆగదు కనక పసివాడి షుగర్ ఒక్కసారి పడిపోవచ్చు. ఇవన్నీ ఫోటోలో కనపడవు, బుగ్గలు కనపడతాయి.

చాలామందికి తిండి మార్చుకుని, రోజూ నడిస్తే సరిపోతుంది. మా మేనకోడలికి సరిపోలేదు, ఇన్సులిన్ రాశారు. "అలవాటైపోతుందమ్మా, జాగ్రత్త" అని హెచ్చరించారు నలభై ఏళ్లుగా చుట్ట మానలేని మా బాబాయి.

చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ఈ గర్భిణుల షుగర్ మీదే దశాబ్దాలు పనిచేశారు. ఆయన పుట్టినరోజు మార్చి 10ని మన దేశంలో దీని అవగాహన దినంగా జరుపుతారు. ఈ సంగతి చెబితే మావాళ్లు శ్రద్ధగా విన్నారు. పుట్టినరోజంటే కేకు ఉంటుందా అని అడిగారు.

మగపిల్లాడు పుట్టాడు, మూడు కిలోలే. కొందరు నిరాశపడ్డారు. తల్లి షుగర్ మామూలుకొచ్చింది. ఇలాంటివాళ్లకి ముందుముందు అసలు షుగర్ వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి, ఆరు వారాలకి మళ్లీ 75 గ్రాములు తాగించి చూడాలని డిశ్చార్జి కాగితంలో రాశారు. ఆ కాగితంలోంచి పిల్లాడి బరువు, పుట్టిన టైము జాతకం కోసం రాసుకుని, మిగతాది బీరువాలో భద్రపరిచారు.

ఆరో వారం రానే వచ్చింది. అది పిల్లాడి టీకా వారం కూడా. రెండు ఆటోల్లో వెళ్లాం. టీకా వేశారు, వాడు ఏడ్చాడు, అందరం ఓదార్చాం. "నాకూ ఏదో పరీక్ష ఉందన్నారు మామయ్యా" అంది మా పిల్ల. రెండు గంటలు కూర్చోవాలన్నారు నర్సు. పసివాణ్ణి పెట్టుకుని రెండు గంటలా? వచ్చేవారం చూద్దామని వెనక్కి తిప్పాం. దారిలో స్వీటు షాపు దగ్గర ఆటోలు ఆపించింది నేనే. ఏడ్చి ఏడ్చి వాడు అలిసిపోయాడు, వాడి పేరు మీద అరకిలో కాజాలు కొన్నాను. నాకూ అక్కకీ షుగరు కనక పొట్లం మా పిల్ల ఒళ్లో పెట్టాను.