నిన్న రాలేదేంది అని అడిగేవాళ్లు

పొద్దున ఐదున్నరకు భద్రకాళి చెరువు కట్ట మీదికో, హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌కో వెళ్లి చూడండి, ఈ ఊళ్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు. నలుగురైదుగురు కలిసి నడుస్తుంటారు, బెంచీల మీద పేపర్లు చేతులు మారుతుంటాయి, గేటు బయట చాయ్ బండి దగ్గర నవ్వులు వినిపిస్తుంటాయి. ఇంకాసేపు నిలబడితే మాత్రం ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ మధ్య ఒక్కొక్కరుగా నడిచేవాళ్లు కళ్లబడతారు. ఎవరైనా ఎదురైతే తల ఊపుతారు, అంతే, మళ్లీ తలొంచుకుని నడుస్తారు. నేను దాదాపు ఏడాది అలా నడిచాను కాబట్టి ఈ విషయం మీద నాకు మాట్లాడాలని ఉంది.

నేను టెలిఫోన్ శాఖలో పని చేశాను. 2020 జనవరి 31న దేశం మొత్తం మీద 78 వేల మందికి పైగా బీఎస్ఎన్ఎల్ ఉద్యోగులు ఒకేరోజు స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్ఎస్) తీసుకుని ఇళ్లకు వెళ్లారు, వాళ్లలో నేనొకదాన్ని. రెండు నెలలు తిరగకముందే లాక్‌డౌన్ వచ్చింది. ముప్పై ఏళ్లు పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్లం ఫోన్లలో పలకరించుకున్నాం, తర్వాత పండగలకు మెసేజ్‌లు పెట్టుకున్నాం, ఆ తర్వాత అవీ తగ్గాయి. మా ఆయన రైల్వే ఉద్యోగి, కాజీపేట క్వార్టర్స్‌లోనే మా సంసారమంతా గడిచింది. ఆయన పోయాక హనుమకొండలో ఫ్లాట్‌కు మారాను. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి కొత్త వీధిలో కొత్తగా మనుషులను వెతుక్కోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చిన్నప్పుడైతే బడి ఉంది, ఉద్యోగంలో ఆఫీసు ఉంది, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వాళ్ల స్కూలు గేటు ముందు నిలబడే తల్లులు ఉన్నారు. మన ప్రయత్నం లేకుండానే మనుషులు దొరికేవారు. ఇప్పుడు మనమే వెళ్లి అడగాలి, అడగడం మనకు అలవాటు లేదు.

ముందు ఒక వాకింగ్ గ్రూపుతో కలవాలని చూశాను. వాళ్లు మంచివాళ్లే, నమస్తే అంటే నమస్తే అనేవాళ్లు. కానీ మాటలన్నీ ఇరవై ఏళ్ల కిందట మొదలైనవి. ఎవరి ప్లాటు గొడవ ఏమైంది, ఎవరి అల్లుడు ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు అన్నదాంట్లో నాకు అందేది ఏమీ లేదు, ఆగి చెప్పాలని వాళ్లకూ తోచలేదు. పెన్షనర్ల సంఘానికీ వెళ్లాను. ఆ సంఘం చేసే పని తక్కువేం కాదు. డీఏ బకాయిలు, మెడికల్ బిల్లులు, నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ అంటే అక్కడే దిక్కు, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అయితే అది హక్కుల కోసం పెట్టుకున్న సంఘం. మీటింగ్ అయిపోగానే కుర్చీలు మడతపెడతారు, ఎవరి బండి వాళ్లు స్టార్ట్ చేసుకుంటారు.

మూడోది మా వైపు ఆడవాళ్ల పేరంటాల బృందం. శ్రావణ మాసంలో ఒక ఇంటికి పిలిచారు, చీర కట్టుకుని వెళ్లాను, వరుసగా చాప మీద కూర్చున్నాం. కుంకుమ భరిణె చేతి నుంచి చేతికి వస్తోంది. నా పక్కావిడ దాకా వచ్చింది, ఇల్లుగలావిడ ఒక్క క్షణం ఆగింది, తర్వాత భరిణె నన్ను దాటుకుని అవతలావిడ దగ్గరికి వెళ్లింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆవిడకు నా మీద కోపం లేదు, ఇంట్లో అలా నేర్పారు, అలా చేసింది. కానీ ఆ ఒక్క క్షణం ఆగడం ఉంది చూశారా, అది ఇంటికొచ్చాక కూడా పోలేదు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే మన ఊళ్లలో ఆడవాళ్లు కలుసుకునే చోట్లలో చాలా వాటికి పసుపు కుంకుమలే ప్రవేశపత్రం, వయసు పెరిగేకొద్దీ భర్త పోయిన ఆడవాళ్లే ఎక్కువవుతారు. అంటే ఎవరికి నలుగురి తోడు ఎక్కువ అవసరమో వాళ్లకే ఆ తలుపు ముందు మూసుకుంటోంది. దీన్ని ఆచారం అని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

స్నేహానికి గంటల లెక్క ఏమిటి అనుకునేదాన్ని. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో అలాంటి లెక్కే వేశారు. ఊరు మారినవాళ్లను, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లను అడిగి చూస్తే, ముఖపరిచయం ఒక మాదిరి స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులం అనుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన కలిసి గడపాల్సి వస్తోందట. ఉద్యోగంలో కలిసి పని చేసిన గంటలు అంతగా లెక్కకు రావని కూడా ఆయన అంటారు, మా ఆఫీసు స్నేహాలు ఎందుకు నిలవలేదో నాకు అక్కడ కొంత అర్థమైంది. ఆయన అడిగింది మన వయసు వాళ్లను కాదు, మన దేశం వాళ్లను అసలే కాదు. అయినా లెక్క వేసుకుని చూడండి. నెలకోసారి రెండు గంటలు కలిసే సంఘంలో 50 గంటలు పూర్తి కావడానికి రెండేళ్లు దాటుతుంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ రోజుకు రెండు గంటలు బతుకమ్మ ఆడినా 18 గంటలే. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు ఎవరికీ చెప్పకుండా ఏ వలయంలోనైనా చొరబడి అడుగు కలపొచ్చు, ఎవరమ్మా నువ్వు అని అడిగేవాళ్లుండరు, దానంత మంచి చోటు లేదు, కానీ ఏడాదికి ఆ కొద్ది రోజులే. అదే రోజూ గంటన్నర కూర్చునే చోటు దొరికితే 50 గంటలు ఐదు వారాల్లో అయిపోతాయి, నాలుగున్నర నెలలకల్లా 200 గంటలు.

అందుకే చెబుతున్నాను, మనం మంచి మనుషులు ఎక్కడున్నారా అని వెతుకుతాం, వెతకాల్సింది రోజూ ఒకే వేళకు తెరిచి ఉండే చోటును. అక్కడ చేతికి ఏదో ఒక పని దొరకాలి.

నాకు దొరికింది వత్తుల పని. మా కాలనీ గుడి వెనక రేకుల షెడ్డులో మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు దాకా పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని కార్తీకానికి వత్తులు చేస్తుంటారు. 365 వత్తుల కట్టలు, ఎవరైనా మొక్కుకుంటే లక్ష వత్తులు. నేను మొదటిసారి వెళ్లింది ప్రదక్షిణకు. తిరిగి వస్తుంటే ఒక పెద్దావిడ తలెత్తి చూసి, "ఊకెనే ఉన్నవా అక్కా, జర గీ పత్తిల గింజలు ఏరరాదు" అంది. చెప్పులు విడిచి కూర్చున్నాను. ముందు గింజలు ఏరాలి, తర్వాత పత్తిని రెండు చేతులతో మెల్లగా విడదీసి మబ్బు తునకలా చేయాలి, వేళ్లకు విభూతి అద్దుకుని చిటికెడు పత్తి లాగి మెలితిప్పాలి. నా మొదటి వత్తులు మధ్యలో లావు, కొసల్లో సన్నం. పక్కావిడ వాటిని తీసుకుని, ఏమీ అనకుండా, విప్పి మళ్లీ చేసి నా ముందే పెట్టింది. ఎనుమాముల మార్కెట్‌కు లారీల కొద్దీ పత్తి వచ్చే జిల్లాలో పుట్టిన నేను పత్తిని అంత దగ్గరగా పట్టుకుని చూసింది ఆ రోజే.

గంటన్నరలో నన్ను ఎవరూ మీ సారు ఏం చేసేవారు అని అడగలేదు. పిల్లలు ఎక్కడ, ఇల్లు సొంతమా కిరాయా, మీరేమిట్లు అని అడగలేదు. అడిగింది గింజలు ఏరుతావా అని మాత్రమే. కొత్తమనిషిని ఒక గుంపు ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే ఆ మొదటి ప్రశ్న వినండి. మీరెవరు అన్న ప్రశ్నకు సరైన జవాబు ఒకటి ఉంటుంది, ఆ జవాబు మన దగ్గర లేకపోతే ఇబ్బంది. ఈ పని చేస్తావా అన్న ప్రశ్నకు అలాంటి చిక్కు లేదు. పైగా చూపు చేతుల మీద ఉంటుంది కాబట్టి మాట దానంతటదే వస్తుంది. నా మోకాళ్ల గురించి, రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం గురించి నేను ఎవరి ముఖంలోకీ చూసి చెప్పి ఉండేదాన్ని కాదు, అక్కడ చెప్పగలిగాను. ఆస్ట్రేలియాలో 1990లలో రిటైరైన మగవాళ్ల కోసం 'మెన్స్ షెడ్స్' అని మొదలయ్యాయి, వడ్రంగం లాంటి పనులు కలిసి చేసుకునే షెడ్లు. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడరు, పక్కపక్కన పని చేస్తుంటే మాట్లాడతారు అన్నదే వాటి వెనకున్న ఆలోచన. మన దగ్గర కూడా రిటైరైన మగవాళ్లకు బెంచీ, పేపరు, రాజకీయాలు తప్ప చేతికి పని దొరికే చోటు చాలా తక్కువ, వాళ్ల గురించి ఇంకెవరైనా నాకన్నా బాగా రాస్తారు.

మా వత్తుల షెడ్డులో మేం సగానికి పైగా భర్తలు పోయినవాళ్లం. పదో రోజో పదకొండో రోజో జ్వరమొచ్చి వెళ్లలేదు. మర్నాడు పోగానే "నిన్న రాలేదేంది?" అని ఇద్దరు ఒకేసారి అడిగారు. పిల్లలు రోజూ ఫోన్ చేస్తారు, బాగున్నావా అంటారు, బాగున్నాను అంటాను. ఈ ప్రశ్న వేరు. నేను లేకపోతే ఒక చోట ఖాళీ కనిపిస్తుంది అని ఆఫీసు మానేశాక మొదటిసారి అనిపించింది.

ఇదేదో మనసుకు సంబంధించిన చిన్న విషయం అని కొట్టిపారేసేవాళ్ల కోసం రెండు అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు, దానివల్ల ఏటా 8,71,000 మంది చనిపోతున్నారని అంచనా. మన దగ్గర 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లలు చూసుకోకపోతే భరణం ఇప్పించమంటుంది, ఆస్పత్రుల్లో వేరే క్యూ పెట్టమంటుంది, జిల్లాకొకటైనా 150 మంది నిరుపేదలకు సరిపడే వృద్ధాశ్రమం ఉండాలంటుంది. అవన్నీ కావాల్సినవే. కానీ ఇల్లూ పెన్షనూ ఉండి, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా గోడ గడియారం చూస్తూ కూర్చునే మనిషికి ఇందులో ఏమీ లేదు.

నిజానికి కావాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. ఒక గది, నీడ, తాగే నీళ్లు, ఎక్కువ మెట్లు లేని దారి, శుభ్రంగా ఉండే బాత్రూమ్. ఈ చివరిదాని గురించి మర్యాద కోసం ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. అరవై దాటిన ఆడవాళ్లలో చాలామంది బాత్రూమ్ లేని చోటికి రెండోసారి రారు, వచ్చినా పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వస్తారు. పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెట్టారు, సంతోషం, పక్కనే ఉన్న టాయిలెట్‌కు తాళం వేసి ఉంటే ఆ జిమ్ మాకు ఉన్నట్టా లేనట్టా? ఇంకో పక్క 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు కట్టాల్సిన పని లేకపోవడం ఎంత పెద్ద సాయమో మా షెడ్డులో కూర్చుంటే తెలుస్తుంది. ధర్మసాగర్ వైపు నుంచి ఒకావిడ వారానికి మూడు రోజులు ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కి వస్తుంది. పోయిరావడానికి డబ్బులు కొడుకును అడగాల్సి వస్తే తను ఇల్లు కదిలేది కాదని ఆమే చెప్పింది.

ఇంత చెప్పాక, మా షెడ్డుకున్న లోటు కూడా చెప్పాలి. అది గుడి. కాజీపేటలో మా పక్క క్వార్టర్‌లో ఇరవై రెండేళ్లు కలిసి ఉన్న ముస్లిం అక్క ఉంది, మా పిల్లలు ఆమె చేతి ముద్ద తిని పెరిగారు. ఆమె కూడా ఇప్పుడు ఒక్కతే. నేను వత్తుల గురించి సంబరంగా చెబుతుంటే అంతా విని, "మంచిగుందమ్మా, మరి నేనెక్కడికి పోవాలె?" అంది. జవాబు చెప్పలేకపోయాను. భజన మండలి, చర్చి మహిళా సమాజం, కుల సంఘం, ఎవరి తలుపు వాళ్లకు తెరిచే ఉంది, అందరూ వెళ్లగలిగే తలుపు ఏది? ఇదే హనుమకొండలో నిజాం కాలంలో, 1904లో, రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్నారు. పుస్తకం పేరుతో నలుగురూ ఒకచోట కూర్చోవచ్చని అప్పటివాళ్లకు తట్టింది. గ్రంథాలయాలను పోటీ పరీక్షల పిల్లలకే వదిలేయకుండా, మధ్యాహ్నం పూట ఒక గది పెద్దవాళ్లకు ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు. వార్డు ఆఫీసుల్లో, కమ్యూనిటీ హాళ్లలో పెళ్లిళ్లు లేని రోజులన్నీ ఖాళీయే.

కార్తీకం అయిపోతే మాకు వత్తుల పని తగ్గుతుంది. అప్పుడేం చేద్దామని మొన్న మాట వచ్చింది. పాత చీరలతో బొంతలు కుడదాం అన్నాను. బొంత అయితే నాలుగు వైపులా నలుగురు కూర్చోవచ్చు, దానికి గుడితో పని లేదు. మా ఫ్లాట్ గ్రౌండ్ ఫ్లోర్, మెట్లు లేవు, ముందు గది ఖాళీగానే ఉంది. ఇద్దరు వెంటనే సరే అన్నారు, ఒకావిడ ఇంట్లో అడిగి చెబుతానంది, మిగతావాళ్లు ఇంకా ఏమీ అనలేదు. కాజీపేటకు ఫోన్ చేసి చెప్పాను. మా పిల్లలు చిన్నప్పుడు కప్పుకున్న పాత బొంత ఇంకా తన దగ్గరే ఉందట, కొలతకు అది పట్టుకొస్తానంది.