మూఢంలోనూ సాఫ్ట్‌వేర్ అద్దె

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం డీటీపీ షాపుల్లో శుభలేఖల పని ఏడాది పొడుగునా ఉండదు. మూఢం వస్తే బోణీ కూడా కాదు. సాఫ్ట్‌వేర్ అద్దె మాత్రం కట్టాల్సిందే. అడోబీ కంపెనీ డిజైన్ సాఫ్ట్‌వేర్ల కట్ట, 2012 నాటి సీఎస్6, ఒక్కసారి కొంటే చేతిలో ఉండేది. 2013 నుంచి అడోబీ కొత్త వెర్షన్లను చందాకే ఇస్తూ అందర్నీ అటు నెట్టింది. నెలనెలా కట్టేదే అయినా చాలావరకు అది ఏడాది ఒప్పందం. 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల సొమ్ములో సగం అడుగుతారు. ఇదెక్కడి న్యాయం?

డబ్బు పోతే పోయింది, మనం కూర్చిన ఫైలు మన చేతిలో ఉండదే, అదీ బాధ. చందా ఆగితే తెలుగూ ఒడియా కలిపి వేసిన కార్డును, పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్‌లో తెరవలేం. కొత్త వెర్షన్‌లో చేసిన ఫైలును సీఎస్6 నేరుగా తీసుకోదు. అందుకే పని ముగిసిన రోజే ఐడీఎంఎల్‌గా (పాత ఇన్‌డిజైన్ కూడా చదవగల ఫైలు రకం) కూడా సేవ్ చేసి, ఫాంట్లు, ఫొటోలు పక్కనే దాచండి. ఐడీఎంఎల్ అయితే సీఎస్6లో తెరుచుకుంటుంది. తెరిచాక పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ (మన లిపుల అక్షరాలను సరిగ్గా కూర్చే సెట్టింగ్) ఉందో లేదో చూడండి. లేకపోతే ‘లక్ష్మి’లో వత్తులు విడిపోయి పక్కన పడతాయి. పెళ్లికూతురి పేరు అలా అచ్చయితే ఆ ఇంటివాళ్లకి ఎవరు సమాధానం చెబుతారు?