హారతి పళ్ళెంలో ఖజానా సొమ్ము

ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయం లేని గుళ్ళకు ధూపదీప నైవేద్యాల కింద నెలకు ఇచ్చే 5 వేలను 2024లో 10 వేలు చేస్తామన్నారు. అంతకుముందే మసీదుల్లో నమాజు చేయించే ఇమాములకు 10 వేలు, అజా పిలిచే మౌజన్లకు, చర్చి పాస్టర్లకు 5 వేల చొప్పున గౌరవ వేతనం ఉంది. ఇది సబబేనా అని కోనసీమలో ఒక శివాలయం అరుగు మీద ఇద్దరు వాదనకు దిగారనుకుందాం. ఒకరు ఆ గుడి పంతులుగారు, ఇంకొకరు సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. నా మనసు మాస్టారి వైపే. అయినా పంతులుగారి మాటల్లో కొన్ని నన్ను నిద్రపోనివ్వవు.

పంతులుగారు: చూశారా మాస్టారూ, ఇన్నాళ్ళకు స్వామి దీపానికి నూనె చుక్క దొరికింది.

మాస్టారు: నేను అసలు ఇవ్వడమే తప్పంటానండీ. మీకే కాదు, మసీదుకీ చర్చికీ కూడా.

పంతులుగారు: పొద్దున్నే శివుడి ముందు కూర్చుని ఇదేం మాట!

మాస్టారు: ఖజానా ఎవరిది చెప్పండి. సబ్బుబిళ్ళ కొన్న ప్రతివాడిదీ. విజయవాడ పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రం ఉంది, వాళ్ళూ పన్ను కడతారు. దేవుడే లేడనే మనిషి చేత దీపంలో నూనె పోయించడం ఏం న్యాయం? ఏదో ఒక మతాన్ని పోషించడానికని కేటాయించే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణంలో ఉంది.

పంతులుగారు: హజ్ సబ్సిడీ మీద అదే చెప్పి కేసు వేస్తే 2011లో సుప్రీంకోర్టు కొట్టేసిందిగా? పన్నులో ఏ పాతిక శాతమో పోతే తప్పు గానీ కొద్దిగా పోతే కాదన్నారట. మా తమ్ముడి కొడుకు లాయరు, వాడు చెప్పాడు.

మాస్టారు: అన్నారు. మరుసటి ఏడాదే పదేళ్ళలో ఆ సబ్సిడీ తీసేయమనీ అన్నారు. 2018లో అది పోయింది. కొంచెమే కదా అనే మాట నాకెక్కదు. 1785లో అమెరికాలోని వర్జీనియాలో పాదిరీల జీతాలకు పన్ను వేద్దామంటే, మూడు పెన్నీలైనా సరే వద్దన్నాడు తర్వాత ఆ దేశాధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్. బాప్టిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ళు కూడా వద్దని అర్జీలు పెట్టారు. ఆ డబ్బులో వాటా వాళ్ళ పాస్టర్లకూ వచ్చేదే! భక్తులే ఎందుకు వద్దన్నారు? జీతం ఇచ్చినవాడు రేపు ప్రసంగం కూడా తనే రాసిస్తానంటాడని. మన పేట పాస్టరుగారినే అడగండి, జాబితాలో పేరు ఎక్కించుకోవడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగారో. ఆ గుమ్మంలో ఉన్న నాయకుడు తప్పు చేస్తే ఆదివారం వాక్యంలో ఆయన గట్టిగా చెప్పగలరా? మీరు చెప్పగలరా?

పంతులుగారు: నాకు తెలిసింది రుద్రం, నాయకులు కాదు. నిన్న పళ్ళెంలో పడ్డవి 12 రూపాయలు. రెండు రూపాయి బిళ్ళలు, ఒక పది నోటు. ఆ నోటు కూడా చిరిగితే టేపు అంటించారు. దాంతో మహానైవేద్యం వండాలా? ఊరు పోషించాలంటారు, ఊళ్ళో ఎవరున్నారు? కుర్రాళ్ళంతా హైదరాబాదు, గల్ఫు. పాస్టరుగారి సంఘంలో అందరూ కూలీలే. పెద్ద గుళ్ళకు హుండీలున్నాయి, చెయ్యి చాచేది మా చిన్నవాళ్ళమే. అయినా మా తాతల నాటి మిరాశీని, అంటే వంశపారంపర్యంగా వచ్చే అర్చకత్వపు హక్కును, 1987 దేవాదాయ చట్టంతో తీసేసిందెవరు? తీసుకున్నవాడు పెట్టకూడదా?

మాస్టారు: మిరాశీ తీసేయడం మాత్రం మంచిదే.

పంతులుగారు: మంచిదా! మీ ఇల్లు మీ అబ్బాయికి రాదా?

మాస్టారు: ఇల్లు నాది. గుడి ఊరిది.

పంతులుగారు: ఊరిదైతే ఊరినే తుడవమనండి. తెల్లవారుజామున నాలుగింటికి బావిలో చేద వేసేది నేను.

మాస్టారు: కేరళలో 2017లో దళితుల్ని పూజారులుగా వేశారు. దేవుడేం లేచిపోలేదు.

పంతులుగారు: రమ్మనండి. నేనే పక్కన కూర్చోబెట్టుకుని మంత్రం చెప్తాను. కానీ వచ్చినవాడికీ ఆకలేస్తుంది కదా మాస్టారూ. వాడికి అన్నం ఎవరు పెడతారు?

(మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న దగ్గర నేనూ ఆగిపోయాను.)

మాస్టారు: న్యాయంగానే అడిగారు. అన్నం పెట్టొద్దని కాదు, ఖజానా నుంచి వద్దంటున్నాను. ఈ గుడికి నాలుగెకరాల మాగాణి ఉంది. కౌలు ఎకరానికి పాతిక బస్తాలు, బస్తా 1,500 వేసుకున్నా ఏడాదికి లక్షన్నర. అంటే నెలకు 12 వేలు దాటింది. పాటలో కౌలుకు పాడుకున్నాయన మూడేళ్ళుగా శిస్తు కట్టలేదు. ఆయనెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం అడగలేదు. పెద్ద గుళ్ళ నుంచి దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధికి వెళ్ళే వాటాతో చిన్న గుడిని నిలబెట్టినా నాకు అభ్యంతరం లేదు, అది భక్తుడు వేసిన డబ్బే. మసీదుకు వక్ఫ్ ఆస్తులున్నాయి, వాటి అద్దెలు తిన్నగా వసూలు చేస్తే చాలు.

పంతులుగారు: పేట చర్చికి సెంటు భూమి లేదు. వాళ్ళ మాటేమిటి?

మాస్టారు: పేదవాడికి పేదవాడిగానే ఇవ్వాలి. అరవై దాటినవాళ్ళకు 4 వేల పింఛను వస్తోంది, నువ్వు ఏ దేవుణ్ణి కొలుస్తావని ఎవరూ అడగడం లేదు. పాస్టరుకైనా మీకైనా అలా వస్తే తల దించుకోనక్కర్లేదు.

పంతులుగారు: 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లు కూడా కట్టొద్దంటారా?

మాస్టారు: కట్టాలి. 2015లో రాజమండ్రి తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా పోయారు. జాతరైనా ఉరుసైనా జనం ప్రాణం కాపాడటం ప్రభుత్వం పనే. కానీ తెలంగాణ వస్తే చేయిస్తానన్న మొక్కు తీర్చడానికని 2017లో అక్కడి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రభుత్వ సొమ్ముతో తిరుమల స్వామికి 5 కోట్ల నగలు చేయించారే, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పంతులుగారు: ఆ మాట ఒప్పుకుంటాను. ఒకరి మొక్కు ఇంకొకరి డబ్బుతో తీరదు.

మాస్టారు: అయితే పదండి.

పంతులుగారు: ఎక్కడికి?

మాస్టారు: ఆ శిస్తు బాకీ ఆయన ఇంటికి.

పంతులుగారు: నైవేద్యం పెట్టి వస్తాను, ఉండండి. శిస్తు చేతికొచ్చేదాకా మాత్రం ఆ 10 వేలు నేను వద్దనను.

మాస్టారు: అనమని నేనూ చెప్పను.