వైన్ సీసా భోజనాల బల్ల మీదికి రావాలి

మన ఇళ్లలో వారాంతపు విందులకు ఒక వరస ఉంది. చీకటి పడగానే సీసాలు తెరుస్తారు. జీడిపప్పు, చికెన్ పకోడీ నడుస్తుంటాయి. ఏ పదింటికో "వడ్డించాం, రండి" అని లోపలి నుంచి పిలుపు వచ్చేసరికి గ్లాసులు పక్కకు పోతాయి, కంచాలు చేతికొస్తాయి. విస్కీకి ఈ పద్ధతి సరిపోతుందేమో గానీ వైన్‌కు సరిపడదు. అందులోనూ స్పెయిన్ నుంచి వచ్చే రియోహా ఎర్ర వైన్‌ను ఇలా తాగితే దాని రుచి సగం కూడా తెలియదు. మన సంఘం విందుల్లోనైనా ఈ వరస మార్చాలని గట్టిగా కోరుతున్నాను.

రియోహా ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది వెంబడి ఉంటుంది. అక్కడి ముఖ్య పట్టణం లొగ్రోన్యోలో కాయె లౌరెల్ అని ఒక ఇరుకు వీధి ఉంది, దాని నిండా చిన్న చిన్న బార్లే. ఒకచోట ఒక గ్లాసు, దాంతోపాటు వెల్లుల్లి నూనెలో కాల్చిన పుట్టగొడుగులు, పైన చిన్న రొయ్య, అడుగున రొట్టెముక్క. అది తినేసి పక్క బారుకు వెళతారు, అక్కడ ఇంకో రుచి. ఇక తోటల దగ్గరైతే కత్తిరించి ఎండబెట్టిన ద్రాక్షపుల్లల నిప్పుల మీద గొర్రెపిల్ల చాప్స్ కాలుస్తారు. ఉప్పు తప్ప మసాలా పెద్దగా ఉండదు. ఆ కొవ్వుకూ ఆ పొగకూ తగ్గట్టే అక్కడి వైన్ ఉంటుంది.

ఎందుకలా కుదురుతుందో చెబుతాను. ఎర్ర వైన్‌లో వగరు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ పీపా చెక్క నుంచీ వస్తుంది. అది లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసి నోరు ఆరబెడుతుంది. మాంసం, కొవ్వు, ఉప్పు తోడైతే ఆ వగరు మెత్తబడి పండు రుచి పైకి వస్తుంది. మిర్చి తోడైతే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. ఆల్కహాల్ నోటి మంటను పెంచుతుంది, మంట మీద వగరు ఇంకా గరుకుగా తగులుతుంది. పులుపుతో ఇంకో ఇబ్బంది. రియోహాలో ముఖ్యమైన ద్రాక్ష టెంప్రానియోలో పులుపు ఓ మోస్తరే. చింతపండు ముందు అది చప్పగా తేలిపోతుంది.

కాబట్టి చేపల పులుసు, గోంగూర మాంసం, ఆవకాయ ఈ వైన్‌కు దూరంగా ఉంచండి. వాటి గొప్పతనానికి వైన్ తోడు అక్కర్లేదు. దీనికి సరైన జోడీ మిరియాలు దంచి వేసి, దించేముందు ఎండుకొబ్బరి పొడి చల్లిన మటన్ వేపుడు. రియోహాలో చాలాకాలంగా అమెరికన్ ఓక్ పీపాలు వాడుతున్నారు, ఆ చెక్క నుంచి వైన్‌కు వనిల్లా వాసన, ఎండుకొబ్బరి వాసన వస్తాయి. ఓ ముక్క నమిలి, గుక్కెడు తాగి చూడండి, కొబ్బరి కొబ్బరిని పట్టుకుంటుంది. శాకాహారులకు చింతపండు బాగా తగ్గించి, నువ్వులు, పల్లీలు ధారాళంగా వేసిన గుత్తివంకాయ బాగుంటుంది.

మిరపకాయ రియోహా వాళ్లకు కొత్తేమీ కాదు. బంగాళదుంపలు, చోరిసో సాసేజీ, ఎండుమిర్చి కలిపి వాళ్లు వండే కూర అక్కడ ఇంటింటి వంట. అయితే ఆ మిర్చికి రంగూ వాసనా ఎక్కువ, కారం తక్కువ. వైన్ తెరిచిన రోజున మనం కూడా గుంటూరు కారం కాస్త తగ్గిస్తే చాలు.

ఇక ఏ సీసా కొనాలన్నది. గౌరవం కోసమని మనవాళ్లు గ్రాన్ రిసర్వా తెస్తుంటారు. అది కనీసం ఐదేళ్లు మాగిన వైన్. అందులోని తోలు, పొగాకు, ఎండాకుల సున్నితమైన వాసనలు మన తాలింపు ముందు నిలవవు, డబ్బు దండగ. క్రియాన్సా తీసుకోండి. అది రెండేళ్లు మాగుతుంది, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో. పండు రుచి ఇంకా తాజాగా ఉంటుంది, ధరా తక్కువ. సీసా వెనక ఎర్ర రంగు ముద్ర ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. గ్రాన్ రిసర్వా ముద్ర నీలం.

హీటర్ వేసిన మన ఇళ్లలో 23, 24 డిగ్రీలుంటుంది. ఆ వేడికి ఏ ఎర్ర వైనైనా ఆల్కహాల్ ఘాటే కొడుతుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి 16 డిగ్రీల దగ్గర పోస్తే చెర్రీ వాసన తేటగా తెలుస్తుంది. గ్లాసు మూడోవంతుకు మించి నింపొద్దు.

వచ్చే విందుకు కార్యవర్గానికి నా విన్నపం ఇదే: విడిగా బార్ బల్ల వద్దు. వేపుడు వేడిగా వచ్చినప్పుడే, ఆడామగా అందరూ కంచాల ముందు కూర్చున్నాకే సీసా తెరవండి. తాగనివాళ్లకూ, కారు నడిపేవాళ్లకూ, పిల్లలకూ పులియని ద్రాక్షరసం అవే గ్లాసుల్లో ఇవ్వండి. స్పెయిన్ బార్లలోనూ దాన్ని మోస్తో అనే పేరుతో అమ్ముతారు.